భీమారావు స్కేలూ పూరేడు దిబ్బా

భీమారావుతో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఆయన నోట "తప్పు నాది" అనే మాట ఒక్కసారే విన్నాను. అదీ నలభై నాలుగు డిగ్రీల ఎండలో, ఊరంతా చూస్తుండగా, మహానదికి దగ్గరలో ఒక ఇటుకల దిబ్బ పక్కన. ఆ మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. పక్కనే నిలబడి ఉన్నాను.

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. రాయపూర్‌లో ఉంటూ కూడా చాలామందికి తెలియదు. ఊరవతల సిల్తారా ఫ్యాక్టరీల పేట అనగానే పొగ గొట్టాలు, లారీలు, నల్లటి బూడిద అంటారు. అక్కడ ఫౌండ్రీలో ఉక్కు కరిగించి పోస్తే గేర్లూ చక్రాలూ వస్తాయని మాత్రం తెలుసు. ఉక్కుని ఎందులో పోస్తారని ఎవరూ అడగరు. ఇసుకలో పోస్తారు. ఇసుకలో గుంట కావాలంటే ఆ వస్తువుని ముందు చెక్కతో చెయ్యాలి. చెక్క వస్తువుని ఇసుకలో పెట్టి, చుట్టూ గట్టిగా దిమ్మిస కొట్టి, మెల్లగా పైకి లాగితే దాని ఆకారంలో గుంట మిగులుతుంది. ఆ చెక్క వస్తువు పేరు పాటర్ను. అది చేసేవాడు పాటర్ను మేస్త్రి. భీమారావు పాటర్ను మేస్త్రి. నేను ఇసుక అచ్చులు కట్టేవాణ్ణి. ఆయన నెలరోజులు చెక్కి, నునుపు చేసి, లక్క పూసి ఇచ్చినదాన్ని నేను ఇసుకలో పాతిపెట్టేవాణ్ణి. ప్రతిసారీ నా నెత్తిన నిలబడి "మెల్లగా రాజూ, మెల్లగా. అది నీ అత్తోరి మంచం కాదు" అనేవాడు.

ఇంకొక్క సంగతి చెబితే పని పాఠం అయిపోతుంది. ఉక్కు చల్లారితే కుదించుకుపోతుంది. అడుగుకి పావు అంగుళం. అందుకని పాటర్ను ఆ మేరకి పెద్దదిగా చెయ్యాలి. ప్రతి కొలతకీ లెక్క కట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది కాబట్టి పాటర్ను మేస్త్రుల దగ్గర వేరే స్కేలు ఉంటుంది. చూడడానికి మామూలు స్టీలు స్కేలే. కానీ దానిమీది అడుగు, అసలు అడుగు కంటే పావు అంగుళం పొడుగు. గీతలన్నీ ఆ ప్రకారం సాగి ఉంటాయి. ఒక మూల చిన్న అక్షరాల్లో ఆ సంగతి చెక్కి ఉంటుంది. బయటివాడికి కనిపించదు. ఫౌండ్రీలో భీమారావు బల్ల పైన రెండు మేకులుండేవి. ఎడమ మేకుకి మామూలు స్కేలు, కుడి మేకుకి సాగిన స్కేలు. ఎవరైనా వాటిని మార్చి తగిలిస్తే ఆ పూట ఫౌండ్రీలో ఎవరికీ శాంతి ఉండేది కాదు.

వాళ్ళది పలాస పక్క. తండ్రి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఖలాసీగా వచ్చాడు. భీమారావు ఇక్కడే పుట్టాడు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పాడు. కాలనీలో కుర్చీలు బాగుచేసే వడ్రంగి దగ్గర చిత్రిక పట్టడం చూసి నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అందుకే ఎవరైనా కూర్చోబెట్టి నేర్పబోతే ఆయనకి ఒళ్ళు మండేది. ఇంజనీరు వచ్చి డ్రాయింగు వివరిస్తుంటే చేతిలోంచి కాగితం లాక్కుని, "సెప్పకండి బాబూ, కనబడతంది" అనేవాడు.

మాటలు చెప్పేవాళ్ళని చూస్తే ఆయనకి గిట్టేది కాదు. మాటలు చెప్పేవాళ్ళకేమో ఆయనంటే మహా ఇష్టం. అదే మా గ్రహచారం.

2011 వేసవిలో మా పాటర్ను గోదాం తగలబడింది. మధ్యాహ్నం భోజనాల వేళ. వైర్ల గొడవ అన్నారు. నాలుగు వందల పైచిలుకు పాటర్నులు, ఇరవై ఏళ్ళ పని, టేకూ గుమ్మడి టేకూ, అన్నీ లక్క పూసినవే. లక్క ఎలా మండుతుందో చూసినవాళ్ళకి తెలుసు. గంటన్నరలో ఏమీ లేదు. భీమారావు టిఫిన్ క్యారియరు చేత్తో పట్టుకుని మొత్తం కాలేదాకా నిలబడ్డాడు. తర్వాత వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయన భార్య సూరమ్మ నాకు కబురు పెట్టింది.

"తమ్ముడూ, మీ అన్నని ఎక్కడికైనా తీస్కెళ్ళు. ఇంట్లో కూకుని నా పీటకి సిత్రిక పడతన్నాడు. పీట అట్టముక్క అయిపోయింది."

ఆరంగ్‌లో పాత గుళ్ళున్నాయి కదా అని బస్సెక్కించాను. గుళ్ళు చూశాం. ఆయన శిల్పాల దగ్గర కాసేపు నిలబడి, "రాయి కుదించుకుపోదు. అదృష్టవంతులు" అన్నాడు. అంతే. తిరుగు బస్సుకి చాలా టైముంది. నది వైపు ఆటోలో వెళ్ళాం. లవాడీహ్ అనే పల్లె దగ్గర ఆటో టైరు పంక్చరైంది. లవా అంటే పూరేడు పిట్ట, డీహ్ అంటే పాత ఊరి దిబ్బ. ఊరి చివర నిజంగానే ఒక దిబ్బ ఉంది. చుట్టూ పొలాల్లో వరి కొయ్యకాళ్ళు తగలబెట్టేశారు, అంతా నల్లగా ఉంది. దిబ్బ మాత్రం ఎండు గడ్డితో పచ్చటి తెలుపులో, ఒక్క పరక కాలకుండా, నల్లటి పళ్ళెంలో అన్నం ముద్దలా ఉంది.

భీమారావు ఆటో దిగి అటే నడిచాడు.

దిబ్బ మొదట్లో మెడ విరిగిన కుండ ఒకటి పాతి ఉంది. పక్కన ఒక మనిషి గొడుగు వేసుకుని కూర్చున్నాడు. పేరు బిసాహూ. ఊళ్ళో తాపీ మేస్త్రి. వాళ్ళ తాతల నుంచీ ఆ దిబ్బని కనిపెట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఆయన అడిగిన మొదటి మాట, "అగ్గి ఉందా?"

బీడీ కోసం అనుకున్నాను. కాదు. పైకెళ్ళేవాళ్ళు అగ్గిపెట్టె, లైటరు, బీడీకట్ట, అన్నీ ఆ కుండలో వేసి వెళ్ళాలి. దిగేటప్పుడు ఎవరివి వాళ్ళు తీసుకోవచ్చు. దిబ్బ మీద దీపం కూడా వెలిగించరు, అగరొత్తి కూడా. నీళ్ళు పోసి, నాలుగు నూకలు జల్లి దణ్ణం పెట్టుకుంటారు.

"ఎందుకలా?" అన్నాడు భీమారావు. వారం తర్వాత ఆయన వేసిన మొదటి ప్రశ్న అది.

బిసాహూ చెప్పాడు. ఎప్పుడో ఇదంతా అడివి. ఇక్కడ ఒక పూరేడు గూడు. గూట్లో ఈక సరిగ్గా రాని పిల్ల. అడివి అంటుకుంది. తల్లీ తండ్రీ ప్రాణాలకి భయపడి లేచిపోయాయి. పిల్ల అగ్గిని చూసి, రెక్కలున్నాయి, ఎగరలేను, కాళ్ళున్నాయి, నడవలేను, నావాళ్ళు పోయారు, నేను చెప్పేది నిజమైతే నువ్వు వెనక్కి పో అంది. అగ్గి వెనక్కి పోయింది. మళ్ళీ ఈ చోటికి రాలేదు. దిబ్బ మీద ఒక రాయి ఉంది, జానెడు వెడల్పు, బాగా అరిగిపోయింది. వేలితో తడిమితే గూడూ అందులో ఒక ఉబ్బూ తెలుస్తాయి. పిట్ట తల ఎప్పుడో విరిగిపోయింది.

నాకు కథ బాగుంది. భీమారావుకి కోపం వచ్చింది.

"అంటే నా గోదాంలో ఎవడూ నిజం చెప్పలేదనా?"

బిసాహూకి ఏమీ అర్థం కాలేదు. గోదాం సంగతి నేను చెప్పాను. ఆయన లేచి, దిబ్బ చుట్టూ నడిపించాడు. దిబ్బకీ పొలాలకీ మధ్య రెండు బారల వెడల్పున నేల నున్నగా, గడ్డి పరక లేకుండా ఉంది. ఏటా హోలీకి ముందు ఊరి మనుషులు పలుగూ పారా పట్టుకుని ఆ మేర గడ్డి చెక్కేస్తారట, నాలుగు రోజుల పని.

భీమారావు వంగి ఆ అంచు చూశాడు. దారం పట్టినట్టు తిన్నగా ఉంది. చాలాసేపు చూశాడు.

"అదీ," అన్నాడు చివరికి. "కథ సెప్పి ఊరుకోలేదు ఈళ్ళు."

మర్నాడే పనిలోకి వచ్చాడు. కాలిపోయిన పాటర్నుల్లో మొదటిది మళ్ళీ మొదలుపెట్టాడు. 2012 నుంచి ప్రతి ఏడూ హోలీకి ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి లవాడీహ్ వెళ్ళి గడ్డి చెక్కాడు. నన్నూ లాక్కెళ్ళేవాడు. నా నడుం సంగతి ఆయనకి పట్టదు. వెళ్ళిన ప్రతిసారీ బిసాహూ "అగ్గి ఉందా?" అని అడిగేవాడు. ప్రతిసారీ భీమారావు చిరాకు పడేవాడు.

"బీడీ తాగను, సుట్ట తాగను. ఇన్నేళ్ళుగా సూస్తన్నాడు. నన్నెందుకు అడుగుతాడ్రా?"

"అందర్నీ అడుగుతాడన్నా."

"నేను అందర్లోనా?"

అలా నడుస్తుండగా, సిర్‌పూర్‌లో పాత బౌద్ధ విహారాలు చూసి వస్తున్న ఒక భిక్షువు దారిలో నీళ్ళకోసం ఆగి, బిసాహూ కథ విన్నాడు. ఇది మా జాతక కథల్లో ఉంది, ఆ పూరేడు పిల్ల బుద్ధుడి వెనకటి జన్మ అన్నాడు. పుస్తకంలో అది మగధలో జరిగినట్టు ఉందని కూడా అన్నాడు. ఆయన నిజాయితీగల మనిషి. కథ ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడికీ వచ్చి ఉంటుంది, ఇక్కడివాళ్ళు దాన్ని బాగా చూసుకున్నారు అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ వార్త రాయపూర్ చేరింది. మోహనకృష్ణ చెవిన పడింది. ఇక చూడండి.

మోహనకృష్ణ మా తెలుగు సంఘం కార్యదర్శి. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. మనిషి చెడ్డవాడు కాదు. ఆస్పత్రి అన్నా, రైలు టికెట్టు అన్నా ముందు పరిగెత్తేది ఆయనే. కానీ నోరు తెరిస్తే మూతపడదు. నెల తిరక్కుండా ఒక కమిటీ వేశాడు. భిక్షువు చెప్పినదాంట్లో మగధ అనే మాట తీసేశాడు. సంఘం హాల్లో మీటింగు పెట్టి బుద్ధుడు లేడిగా, కుందేలుగా, ఆరు దంతాల ఏనుగుగా కూడా లవాడీహ్‌లోనే పుట్టి ఉండవచ్చని చెప్పాడు. ఫ్లెక్సీ వేయించాడు. దానిమీద నెమలి ఉంది.

"ఈ నెమలి ఎక్కడిదండీ?" అని అడిగాడు భీమారావు.

"ఫ్లెక్సీ షాపువాడి దగ్గర పూరేడు బొమ్మ లేదండీ. అయినా పిట్టే కదా. విజన్ ఉండాలి భీమారావు గారూ."

భీమారావు నా వైపు తిరిగి, "ఉక్కుకి అడుక్కి పావంగుళం రాజూ. ఈయన మాటకి అడుక్కి అడుగూ తీసెయ్యాలి" అన్నాడు. మెల్లగా అనడం ఆయనకి చేతకాదు. మోహనకృష్ణ విన్నాడు. విని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే భీమారావుకి ఇంకా మంట.

కమిటీ కోరింది ఏమిటంటే, దిబ్బ దగ్గర ఉక్కుతో పోతపోసిన పూరేడు బొమ్మ పెట్టాలని. 2017 బుద్ధ పూర్ణిమకి. అప్పటికి భీమారావు రిటైరై రెండేళ్ళయింది. ఇంట్లో సూరమ్మ సామాన్లు ఒక్కొక్కటీ చిత్రిక బారిన పడుతున్నాయి. ఒప్పుకున్నాడు, మూడు షరతుల మీద. పాత రాయిని కదపకూడదు. దేనికీ రంగు వెయ్యకూడదు. దిబ్బ దగ్గర అగ్గి పుట్టకూడదు. అంటే వెల్డింగు లేదు, గ్యాస్ కట్టింగు లేదు. ఊరివాళ్ళు గడ్డి చెక్కిన గీత లోపల చిన్న సిమెంటు దిమ్మ కట్టి నాలుగు బోల్టులు నాటాలి. బొమ్మ ఉన్న ప్లేటు తెచ్చి బోల్టుల మీద దించి, నట్లు బిగించాలి. అంతే.

రెండు నెలలు పొలాల గట్ల మీద కూర్చుని పూరేళ్ళని చూశాడు. సూరమ్మ అన్నం కట్టి పంపేది. "పెళ్ళైన కొత్తలో నన్ను ఇంత సేపు సూళ్ళేదు" అని నాతో అంది.

పాటర్ను చూడడానికి మోహనకృష్ణ వచ్చాడు. పూరేడు పిల్ల, బోసి మెడ, మూసుకున్న రెక్కలు, తెరిచిన నోరు. అసలు గూడు చేతిలో పట్టేంతే ఉంటుంది, దానికి నాలుగింతలు పెద్దదిగా చెక్కాడు.

"రెక్కలు విప్పి, ఎగరబోతున్నట్టు పెడితే ఫోటోకి బాగుంటుందండీ."

"ఎగరగలిగితే ఎగిరి పోయుండును కదండీ. ఇంక కథేటి?"

మోహనకృష్ణ ఫోన్ తీసి ఆ మూసుకున్న రెక్కలనే ఫోటో తీసుకున్నాడు.

పోత నేనే దగ్గరుండి పోయించాను. బాగా వచ్చింది. దాని కిందికి రెండున్నర అడుగుల చదరం ఉక్కు ప్లేటు, అర అంగుళం మందం. ప్లేటు మీద నాలుగు మూలలా బెజ్జాలు, బెజ్జానికీ బెజ్జానికీ సరిగ్గా రెండడుగులు. ఆ బెజ్జాలకి గుర్తులు భీమారావు తన వరండాలో కూర్చుని పెట్టాడు. డ్రిల్లు తెలిసినవాళ్ళ వర్క్‌షాపులో వేయించాడు. బిసాహూకి ఫోన్లో చెప్పాడు, "బోల్టుల మధ్య రెండడుగులు. నూలు పోగు తేడా రాకూడదు బిసాహూ భాయ్." బిసాహూ రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు.

పూర్ణిమకి ముందురోజు పదకొండు గంటలకి మినీ ట్రక్కులో లవాడీహ్ చేరాం. ఊళ్ళోవాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. మోహనకృష్ణ శాలువా, పూలదండలు, మైకు తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఎవరో పెద్దమనిషి వచ్చి ఆవిష్కరిస్తాడు. ట్రక్కులో వెనక శివాజీ కూడా ఉన్నాడు. శివాజీ మావాడే, వెల్డరు. జనరేటరూ వెల్డింగు మిషనూ కూడా ఉన్నాయి.

"ఇవెందుకు?" అన్నాడు భీమారావు.

"ఊరికే అండీ. అవసరం వస్తే ఉంటాయని," అన్నాడు మోహనకృష్ణ.

"అవసరం రాదు."

శివాజీ కుండ దగ్గర బుద్ధిగా లైటరు తీసి వేశాడు. బిసాహూ భీమారావుని అడిగాడు, "అగ్గి ఉందా?" భీమారావు కళ్ళు పైకెత్తి ఆకాశాన్ని చూశాడు.

ఆరుగురం పట్టుకుని ప్లేటు బోల్టుల మీదికి తెచ్చాం. ఒక బోల్టు బెజ్జంలోకి దిగింది. రెండోది దిగలేదు. తిప్పి చూశాం. రెండోది దిగితే మొదటిది దిగలేదు. ఎలా తిప్పినా ఒక్కటే దిగింది. మిగతావి అర అంగుళం తేడా.

భీమారావు ప్యాంటు పక్క పొడుగు జేబులోంచి స్కేలు తీశాడు. ఆ జేబు ఆయన ప్రతి ప్యాంటుకీ సూరమ్మే కుట్టేది, ఆ స్కేలు కోసమే. ప్లేటు కొలిచాడు. ఒకసారి, రెండోసారి. సరిగ్గా రెండడుగులు. బోల్టులు కొలిచాడు. రెండడుగులకి అర అంగుళం తక్కువ.

"ఏటిది బిసాహూ భాయ్? నూలు పోగు అని సెప్పానా లేదా?"

బిసాహూ తన టేపు తెచ్చాడు. బోల్టుల మధ్య పెట్టాడు. టేపు ప్రకారం సరిగ్గా రెండడుగులు. కానీ ఆ టేపు చివర కొక్కెం వంగి ఉంది, అంకెలు సగం అరిగిపోయాయి. ఆయన టేపూ ఆయన ముఖమూ చూసి జనం నవ్వారు.

"స్టీలు స్కేలు ముందు ఈ సంత టేపు ఏం నిలబడుతుంది?" అన్నాడు మోహనకృష్ణ. "సరే, జరిగిందేదో జరిగింది. శివాజీ, నువ్వేం చెయ్యగలవు?"

"రెండు నిమిషాల పనన్నా. గ్యాస్‌తో కంతలు పెద్దవి చేసేసి, పైన నాలుగు వెల్డింగు టాకాలు కొట్టేస్తా."

"ఇక్కడ కాదు," అన్నాడు భీమారావు.

"మరి ఎక్కడండీ? రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆయన వస్తారు. సిల్తారా వెళ్ళి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఇవాళ వర్క్‌షాపులకి సెలవు. నాలుగు టాకాలండీ, నాలుగు. నిప్పురవ్వ కంటే పెద్దదేం కాదు. చుట్టూ నీళ్ళు జల్లుదాం." మోహనకృష్ణ ఊరి మనుషుల వైపు తిరిగి హిందీలో అన్నాడు, "పొరపాటు మీవైపు జరిగింది. కోప్పడడం లేదు. కానీ ఇప్పుడు అనుమతి కూడా మీరే ఇవ్వాలి. అది న్యాయం."

ఆ మాట బిసాహూకి తగిలింది. ఆయన దిమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. బోల్టు మర మీద బొటనవేలు తిప్పుతూ, తలెత్తకుండా కూర్చున్నాడు. ఆ దిమ్మ ఎంత నీటుగా కట్టాడో నేను చూశాను. అంచులు గచ్చు చేసి, సున్నపు నీళ్ళతో కడిగి పెట్టాడు. తాతల నుంచీ ఎవరి అగ్గిపెట్టె పైకి ఎక్కనివ్వని మనిషి. తన చెయ్యే పని పాడుచేసిందని నమ్మేశాడు.

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. మోహనకృష్ణ మీద సరే. బిసాహూ మీద కూడా. కొలిచిన మనిషి కొలిచానని గట్టిగా చెప్పుకోవద్దా?

భీమారావు మళ్ళీ కొలుస్తున్నాడు. ప్లేటు. రెండడుగులు. బోల్టులు. అర అంగుళం తక్కువ. ఎవరికీ పనికిరాని కొలత, ఇది నాలుగోసారి. స్కేలు ఎత్తి ఎండకి పెట్టి, చివర మూలని బొటనవేలితో రుద్దాడు. అక్కడ చెమటకి మురికి పట్టి ఉంది. ఇంకోసారి రుద్దాడు. అప్పుడు ఆయన ముఖం చూశాను. అప్పుడు నాకూ అర్థమైంది.

ఆ స్కేలు ఎడమ మేకుది కాదు. కుడి మేకుది.

రిటైరైన రోజున మామూలు స్కేలు కంపెనీది కాబట్టి బల్ల మీదే వదిలేశాడు. సాగిన స్కేలు తను కొనుక్కున్నది. ఇంటికి తెచ్చుకున్నాడు. పిట్ట పాటర్నుకి ఆ స్కేలే కావాలి, అది సరే. మర్నాడు అదే వరండాలో, అదే చేత్తో, ఉక్కు ప్లేటు మీద బెజ్జాలకి గుర్తులు పెట్టాడు. ప్లేటు చల్లారేది లేదు, కుదించుకుపోయేది లేదు. అడుగుకి పావు, రెండడుగులకి అర. ఆ స్కేలుతో ఎన్నిసార్లు కొలిచినా ప్లేటు సరిగ్గానే వస్తుంది, ప్రపంచమంతా పొట్టిదవుతుంది.

ఈ సంగతి అక్కడ ఇద్దరికే తెలుసు. ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. నేను చెప్పాల్సిన మాట కాదు అది.

బిసాహూ లేచాడు. "చెయ్యి నాది తప్పింది," అన్నాడు ఛత్తీస్‌గఢీలో, తన ఊరివాళ్ళతో. "ఇంత దూరం నుంచి మోసుకొచ్చారు. ఇంక నేను వద్దని ఏ మొహంతో..."

శివాజీ జనరేటరు తాడు అందుకున్నాడు.

"ఆగు," అన్నాడు భీమారావు.

అందరూ ఆగారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. ఒక ఆడమనిషి "ఎండ దెబ్బేమో, నీళ్ళివ్వండి" అంది. ఎవరో చెంబు తెచ్చారు. పక్కకి నెట్టాడు.

"గల్తీ మేరీ హై," అన్నాడు. తర్వాత మోహనకృష్ణ కోసం తెలుగులో కూడా అన్నాడు. "తప్పు నాది. ఈ స్కేలు తప్పుడు స్కేలు. కాదు, స్కేలు మంచిదే. పట్టుకున్నోడు తప్పు. బిసాహూ బోల్టులు సరిగ్గా ఉన్నాయి. ఆయన టేపు సరిగ్గా ఉంది. ప్లేటు నేను పాడుసేశాను."

మోహనకృష్ణ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎందుకండీ ఇప్పుడు ఇదంతా? వాళ్ళు ఒప్పుకుంటున్నారు కదా. రేపు శాలువా మీకే. శిలాఫలకం మీద పేరు మీదే. ముప్పై నాలుగేళ్ళు చేశారు, ఒక్క పాటర్ను మీదైనా మీ పేరు ఉందా?"

"లేదు."

"మరి?"

"తప్పు ఆళ్ళదైతే నువ్వు ఆళ్ళని అగ్గికి ఒప్పుకోమన్నావు. తప్పు నాది. ఇప్పుడు నన్నడుగు, ఒప్పుకుంటానేమో." భీమారావు శివాజీ వైపు తిరిగాడు. "తమ్ముడూ, ఆ మిషను ట్రక్కులో పెట్టు. ప్లేటు కూడా ఎక్కించు."

శివాజీ మోహనకృష్ణ ముఖం కూడా చూడలేదు. తాడు వదిలేశాడు. పనివాడికి పనివాడి మాట అర్థమవుతుంది.

బిసాహూ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి మళ్ళీ తీసి, వంగిపోయిన కొక్కేన్ని చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

మర్నాడు ఆవిష్కరణ జరిగింది. పెద్దమనిషి ఎనిమిదింటికి అని పదిన్నరకి వచ్చి, నాలుగు బోల్టులున్న ఖాళీ దిమ్మకి పూలదండ వేసి, బుద్ధుడి శూన్యం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడట. మోహనకృష్ణ మెచ్చుకున్నాడట. శాలువా ఆయనకే కప్పారు. మేమిద్దరం అక్కడ లేం. సిల్తారా దారిలో ఒక వర్క్‌షాపు తాళం తీయించి, కొత్త ప్లేటు మీద గుర్తులు పెడుతున్నాం. భీమారావు ఆ ఒక్క ప్లేటు కోసం దుకాణానికి వెళ్ళి మామూలు స్కేలు కొన్నాడు. దాన్ని నా టేపుతో సరిచూశాడు. నా టేపుని వర్క్‌షాపువాడి టేపుతో సరిచూశాడు. వర్క్‌షాపువాడు "ఏమైంది ఈయనకి?" అన్నాడు. నేను చెప్పలేదు. ఇంటికెళ్ళాక సూరమ్మకి మాత్రం చెప్పాను.

"తప్పు నాది అన్నాడా? మీ అన్నేనా?" అంది సూరమ్మ. "నువ్వు సరిగ్గా ఇన్నావా తమ్ముడూ?"

మూడో రోజు బొమ్మని కొత్త ప్లేటు మీదికి మార్చి పట్టుకెళ్ళాం. ఈసారి మైకు లేదు. బిసాహూ, ఇంకో నలుగురు. నాలుగు బోల్టులూ ఒకేసారి దిగాయి, చప్పుడు కూడా కాలేదు. నట్లు బిసాహూ వేళ్ళతోనే సగం దాకా తిప్పాడు, పానా తర్వాత పట్టాడు. శిలాఫలకం వెయ్యలేదు. బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. వానకి కాస్త తుప్పు పట్టి పూరేడు రంగులోకి వచ్చింది.

ఆ రోజు మాత్రం ఒకటి జరిగింది. కుండ దగ్గర బిసాహూ ఎప్పటిలాగే అడిగాడు, "అగ్గి ఉందా?" అడిగేశాక నాలిక కరుచుకున్నాడు. భీమారావు చిరాకు పడలేదు. పొడుగు జేబులోంచి పాత స్కేలు తీసి, లైటర్ల పక్కన కుండలో నిలబెట్టాడు.

"ఇది అగ్గి కాదు కదా మిస్త్రీజీ," అన్నాడు బిసాహూ.

"మొన్న అంటించబోయింది ఇదే," అన్నాడు భీమారావు. పైకి ఎక్కేశాడు.

ఇప్పటికీ ఏటా హోలీకి ముందు వెళ్తున్నాం. ఆయనకి అరవై దాటి చాలా అయింది, నా నడుం ఎప్పుడో పోయింది. ఎక్కే ముందు ఆ స్కేలు కుండలో పెడతాడు. దిగేటప్పుడు మర్చిపోతాడు. బస్సు స్టాండు దాకా వచ్చాక జేబు తడుముకుని నిలబడిపోతాడు. వెనక్కి వెళ్ళి తెచ్చేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.